ఒక్కడికి అర్హత లేకపోతే కాలేజీ మొత్తాన్ని రెండేళ్లు డీబార్ చేయడం న్యాయమేనా?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా రాస్తాను. కావలి వైపు ఒక డిగ్రీ కాలేజీ. ఏ కాలేజీ, ఎవరు నడిపిన టోర్నీ అన్నది ఇక్కడ అనవసరం. కాలేజీల మధ్య జరిగే కబడ్డీ పోటీల్లో సెమీస్ దాకా వచ్చింది. జట్టులోని ఒక రైడర్ నిరుడే మూడేళ్ల కోర్సు పూర్తి చేశాడు, రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. అతన్ని ఎలిజిబిలిటీ ఫారంలో రెగ్యులర్ విద్యార్థిగా చూపించారు. ఓడిన జట్టు ప్రొటెస్ట్ ఇచ్చింది, విచారిస్తే నిజమేనని తేలింది. కమిటీ మూడు నిర్ణయాలు తీసుకుంది: గెలిచిన మ్యాచ్‌లన్నీ రద్దు, పన్నెండు మందిలో ఎవరికీ సర్టిఫికెట్ లేదు, కబడ్డీలో కాలేజీ రెండేళ్లు డీబార్, అంటే పోటీల్లో పాల్గొనకుండా నిషేధం. ఆ జట్టులో సెకండియర్ చదివే కుర్రాడు అడుగుతున్నాడు: "ఫారంలో ఏం రాశారో నాకు తెలియదు. నాకెందుకు శిక్ష?"

తమ్ముడూ, మొదటి నిర్ణయం న్యాయమే. రెండోది సగం న్యాయం. మూడోది అన్యాయం. ఎందుకో ముందు చెబుతాను, ఏం చేయాలో తర్వాత చెబుతాను.

తప్పు బయటపడ్డాక రెండు పనులు జరగాలి. ఒకటి ఫలితాన్ని సరిదిద్దడం, రెండోది తప్పు చేసినవాళ్లను దండించడం. మనవైపు కమిటీలు ఈ రెంటినీ ఒకే కాగితం మీద, ఒకే వాక్యంలో రాసేస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఫలితాన్ని సరిదిద్దడానికి తప్పు ఎవరిదో తేల్చనక్కర్లేదు. అర్హత లేనివాడు కూతకు వెళ్లి తెచ్చిన పాయింట్లతో నెగ్గిన మ్యాచ్ నెగ్గినట్టు కాదు. అతను రెండు పాయింట్లు తెచ్చాడా, పదిహేను తెచ్చాడా అన్న లెక్క కూడా అక్కర్లేదు. మీ చేతిలో ఓడిన పిల్లలూ తెల్లవారుజామున ఫస్ట్ బస్సుకు బయలుదేరి వచ్చినవాళ్లే, వాళ్లు ఫారాలు సరిగ్గా నింపి ఆడారు. మీకు తెలియదన్న కారణం చూపి ఆ గెలుపు మీకే ఉంచితే, ఆ నష్టం వాళ్ల నెత్తిన పడుతుంది. కాబట్టి మ్యాచ్‌ల రద్దు మీద అప్పీల్ చేయొద్దు. ఆ ఒక్క కోరిక కలిపితే మిగతా న్యాయమైన కోరికలు కూడా బలహీనపడతాయి.

దండించడం అలా కాదు. ఎవరు చేశారు, తెలిసి చేశారా, ఎన్నోసారి అన్నవి తేలకుండా దండన వేయకూడదు. ఆటల్లో అన్నిటికన్నా కఠినమైన డోపింగ్ నిబంధనలే ఈ తేడా పాటిస్తాయి. పోటీలో తీసిన శాంపిల్ పాజిటివ్ వస్తే, వ్యక్తిగత ఆటల్లో ఆ ఫలితం వెంటనే పోతుంది, తప్పు ఉన్నా లేకపోయినా సరే. నిషేధం ఎన్నేళ్లన్నది మాత్రం తప్పు తీవ్రతను బట్టి ఉంటుంది. స్టెరాయిడ్ లాంటి వాటికి మామూలుగా నాలుగేళ్లు, కావాలని చేయలేదని రుజువు చేసుకుంటే రెండేళ్లు, తన తప్పు అసలు లేదని నిరూపించుకుంటే నిషేధమే ఉండదు. జట్టు ఆటల విషయంలో ప్రపంచ నియమావళి ఏమంటుందంటే, ఒక జట్టులో ఇద్దరికి మించి ఉల్లంఘనకు పాల్పడ్డారని తేలినప్పుడే జట్టు మీద చర్య తప్పనిసరి. మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా నిబంధనలూ ఆ నియమావళిని అనుసరించినవే. డోపింగ్‌లోనే ఒక్కడి తప్పుకు జట్టంతటికీ తప్పనిసరిగా శిక్ష వేయమని లేనప్పుడు, ఫారంలో ఒక వరుస తప్పు రాసినందుకు పన్నెండు మందినీ, వాళ్ల తర్వాత చేరబోయేవాళ్లనూ కూర్చోబెట్టడం ఎలా సబబు?

ఇప్పుడు ఆ ఫారం ఒకటి చేతిలోకి తీసుకుని చూడు. ఆటగాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇప్పుడు చదివే తరగతి, అందులో చేరిన తేదీ, చివరగా పాసైన పరీక్ష, ఇదివరకు ఎన్నేళ్లు ఆడాడు అన్న గళ్లు ఉంటాయి. సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా కాలేజీ సీలు. ఆ వరుసలో ఆటగాడి సంతకం, కింద పీడీ (ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్) సంతకం, ప్రిన్సిపాల్ సంతకం. తప్పు ఎక్కువగా దొర్లేది "చదివే తరగతి", "చేరిన తేదీ" గళ్లలో. కారణం చాలా మామూలుది. నిరుటి లిస్టునే కంప్యూటర్లో తెరిచి, కొత్త పేర్లు చేర్చి ప్రింట్ తీస్తారు, పాత పేరు అలాగే ఉండిపోతుంది. అడ్మిషన్ రిజిస్టర్ ఉన్న ఆఫీసు గుమాస్తా ఆ ఫారం చూడడు, ఫారం నింపే పీడీ ఆ రిజిస్టర్ చూడడు. ప్రిన్సిపాల్ గారి ముందు ఆరోజు ఇంకో ముప్పై కాగితాలు ఉంటాయి.

నియమం మాత్రం స్పష్టం. భారత విశ్వవిద్యాలయాల సంఘం పోటీల్లో ఆడాలంటే కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండే కోర్సులో పూర్తికాల విద్యార్థి అయి ఉండాలి, వయసు జూలై 1 నాటికి 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. కాలేజీల స్థాయి పోటీలకూ అదే కొలత వాడతారు, ఎందుకంటే యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసేది ఇక్కడినుంచే. కోర్సు కాలం ముగిసి, మిగిలిన సబ్జెక్టులకు ఫీజు కట్టి పరీక్ష రాసేవాడు కాలేజీ రోల్స్‌లో ఉండడు. "హాల్ టికెట్ ఉంది కదా సార్" అని చాలామంది వాదిస్తారు. హాల్ టికెట్ పరీక్ష రాసే హక్కుకే రుజువు. రెగ్యులర్ విద్యార్థి అనడానికి రుజువు అడ్మిషన్ రిజిస్టర్, ఈ ఏటి ఫీజు రసీదు, అటెండెన్స్. మనవైపు ఇంకో మెలిక కూడా ఉంది. కావలి నుంచి ఒంగోలు పెద్ద దూరమేం కాదు, యూనివర్సిటీ మాత్రం మారిపోతుంది. నెల్లూరు వైపు విక్రమ సింహపురి, ఒంగోలు వైపు ఒకప్పుడు నాగార్జున, ఇప్పుడు ఆంధ్రకేసరి. అక్కడ డిగ్రీ చేసి ఇక్కడ పీజీలో చేరినవాడి మైగ్రేషన్ కాగితాలు అందకుండానే ఫారం పంపితే అదీ ప్రొటెస్ట్‌కు దొరికిపోతుంది.

అంటే ఆ రైడర్ వరుసకు బాధ్యులు ముగ్గురు: అతను, పీడీ, ప్రిన్సిపాల్. మిగతా పదకొండు మంది ఎవరి వరుసలో వాళ్లు సంతకం పెట్టారు, అతని వరుసలో కాదు. అయినా మీ కాలేజీకి పడిన శిక్ష నిజంగా ఎవరికి తగులుతుందో చూద్దాం. ఆ రైడర్‌కు తగలదు, ఎలాగూ అతనికి ఇక ఆడే అర్హతే లేదు. పీడీకి తగలదు, ఆయన ఉద్యోగం అలాగే ఉంటుంది, వాలీబాల్ జట్టునో ఖోఖో జట్టునో తీసుకుని వచ్చే నెల ఇదే గ్రౌండుకు వస్తాడు. ప్రిన్సిపాల్‌కు తగలదు. తగిలేది నీకు. డిగ్రీ మూడేళ్లు, నిషేధం రెండేళ్లు. థర్డియర్ వాళ్లు ఎలాగూ వెళ్లిపోతారు. సెకండియర్ వాళ్లకు మిగిలిన ఒక్క సీజనూ పోయింది. ఫస్టియర్ వాళ్లకు రెండూ పోయాయి. నిషేధం ముగిసే రోజుకు ఆ జట్టులోని పన్నెండు మందిలో ఆ కాలేజీలో ఒక్కడూ ఉండడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలు, వచ్చే ఏడు అక్కడ చేరబోయేవాళ్లు, తమకు తెలియని తప్పుకు ఫస్టియర్, సెకండియర్ రెండూ కబడ్డీ లేకుండా గడపాలి. కాలేజీ క్రీడల్లో శిక్షను ఏళ్ల లెక్కన వేయడంలో ఉన్న పెద్ద లోపం ఇదే: సంస్థ శాశ్వతం, ఆటగాడు మూడేళ్లే.

ఈ లోపం మనకొక్కరికే కాదు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద వ్యాపారం. అక్కడ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టులో 2003 నుంచి 2005 దాకా ఆడిన రెజీ బుష్ అనే ఆటగాడు, అతని కుటుంబం నిబంధనలకు విరుద్ధంగా డబ్బు, సౌకర్యాలు పొందారని తేలింది. శిక్ష 2010 జూన్‌లో పడింది: రెండు సీజన్లు సీజన్ చివరి బౌల్ మ్యాచ్‌లు ఆడకూడదు, 30 స్కాలర్‌షిప్‌లు కోత. అప్పటికి బుష్ ప్రొఫెషనల్ ఆటగాడు. కోచ్ పీట్ కారల్ అదే ఏడు జనవరిలో ఒక ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లిపోయాడు. శిక్ష మోసిన కుర్రాళ్లు ఆ తప్పు జరిగినప్పుడు బడి పిల్లలు. అంతకుముందు 1987లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి సీజన్ మొత్తం రద్దు చేశారు, 1988లోనూ జట్టు ఆడలేకపోయింది. మళ్లీ ఒక బౌల్ మ్యాచ్ దాకా రావడానికి దానికి 2009 అయింది.

విమర్శలు వచ్చి వచ్చి, 2022 జనవరిలో అక్కడి కాలేజీ క్రీడా సంఘం ఎన్‌సీఏఏ ఆమోదించిన కొత్త రాజ్యాంగంలో, తప్పుతో సంబంధం లేని ఆటగాళ్లను వీలైనంతవరకు శిక్షించకూడదని రాసుకున్నారు. దాని ప్రభావం 2023లో కనపడింది. టెనెసీ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో 200కు పైగా ఉల్లంఘనలు తేలాయి. పాత రోజుల్లో అయితే బౌల్ మ్యాచ్‌ల నిషేధం ఖాయం. ఈసారి యూనివర్సిటీకి 80 లక్షల డాలర్ల జరిమానా వేశారు, మాజీ ముఖ్య కోచ్ ఇంకెక్కడ చేరాలన్నా ఆరేళ్లపాటు అతన్ని తీసుకునే కాలేజీ ఎన్‌సీఏఏ కమిటీ ముందుకొచ్చి సంజాయిషీ ఇచ్చుకునేలా ఆంక్ష పెట్టారు, ఆటగాళ్లను ఆడనిచ్చారు. మన టోర్నీల్లో అన్ని కోట్లు లేవు, కానీ దండన ఎటు తిరగాలో నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనది. "డీబార్ లేకపోతే ప్రతి కాలేజీ బయటోళ్లను దింపుతుంది, దొరికితే మ్యాచ్‌లు పోతాయి, అంతేగా" అంటారు. ఈ భయం నిజమే. జిల్లాలో బలమైన క్లబ్ రైడర్లు ఎవరో అందరికీ తెలుసు, వాళ్లను ఎలాగోలా ఫారంలోకి ఎక్కించాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. అయితే భయం పుట్టాల్సింది ఫారం నింపే చేతిలో. పన్నెండు మంది పిల్లలు కూర్చుంటారన్న భయంతో ఏ పీడీ అయినా ఆగుతాడా, లేక వచ్చే సీజన్ తాను టీమ్ మేనేజర్‌గా గ్రౌండులోకి రాలేనన్న భయంతో ఆగుతాడా? రెండోదే పనిచేస్తుందని నా గట్టి అభిప్రాయం.

మీ కేసులో న్యాయమైన ఉత్తర్వు ఎలా ఉండాలో చెబుతాను. మ్యాచ్‌లు రద్దు. ఆ రైడర్ ఫారం మీద తెలిసి సంతకం చేశాడా అన్నది విడిగా విచారించి, తెలిసి చేస్తే అతని మీద చర్య. పీడీ నుంచి రాతపూర్వక సంజాయిషీ, నిర్లక్ష్యం అని తేలితే ఒక సీజన్ ఏ ఆటలోనూ మేనేజర్‌గా రాకుండా ఆంక్ష. కాలేజీకి హెచ్చరిక, ప్రొటెస్ట్ ఇచ్చిన జట్టు దారిఖర్చులు, భోజనం ఖర్చులు కాలేజీయే భరించాలి. వచ్చే రెండేళ్లు ఆ కాలేజీ ఫారాలకు అడ్మిషన్ రిజిస్టర్ పేజీ జిరాక్స్, ఆఫీసు సూపరింటెండెంట్ సంతకం తప్పనిసరి. అర్హులైన పదకొండు మందికి పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి, స్థానం మాత్రం ఇవ్వకూడదు. సగం న్యాయం అన్నది ఇందుకే: సెమీస్ చేరినట్టు రాయమనడం కుదరదు, ఆడినట్టు కూడా రాయం అనడం అబద్ధం.

కాలేజీని డీబార్ చేయదగ్గ సందర్భాలు లేకపోలేదు. దొంగ మెమో తయారు చేసినప్పుడు, ఒకరి ఫొటో మీద ఇంకొకరిని ఆడించినప్పుడు, అదే కాలేజీ రెండోసారి దొరికినప్పుడు. అప్పుడు కూడా నిషేధం ఒక సీజన్‌కే ఉండాలి. కాలేజీ బయట ఉన్నా అక్కడి ఆటగాళ్లను యూనివర్సిటీ సెలక్షన్ ట్రయల్స్‌కు విడిగా రానివ్వాలి. అమెరికాలో 2010 శిక్ష అప్పుడు కూడా సీనియర్ ఆటగాళ్లకు వేరే యూనివర్సిటీకి మారి వెంటనే ఆడుకునే దారి ఇచ్చారు.

మైదానంలో తప్పుకు మన ఆటల్లోనే ఎంత చక్కటి కొలతలు ఉన్నాయో చూడు. కబడ్డీలో గ్రీన్ కార్డు హెచ్చరిక. ఎల్లో కార్డుకు రెండు నిమిషాలు బయట, ఆ రెండు నిమిషాలూ జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. రెడ్ కార్డుకు ఆ ఆటగాడు ఆ మ్యాచ్ మొత్తానికీ బయటే. పురుషుల మ్యాచ్ నలభై నిమిషాలు, అందులో రెండు నిమిషాలంటే ఇరవయ్యో వంతు. అథ్లెటిక్స్ అయితే తన పొరపాటు తనే దిద్దుకుంది. 2003 నుంచి 2009 దాకా పరుగులో మొదటి ఫాల్స్ స్టార్ట్‌ను అందరి ఖాతాలో వేసి, రెండోసారి ఎవరు కదిలితే వాళ్లను పంపేసేవారు. మొదట కదిలినవాడు మిగిలేవాడు, రెండోవాడు బలి. 2010 నుంచి ఎవరు కదిలితే వాళ్లే వెళ్లాలి అని మార్చారు. 2011లో దక్షిణ కొరియాలోని డేగులో జరిగిన ప్రపంచ పోటీల్లో ఉసేన్ బోల్ట్ అంతటివాడు వంద మీటర్ల ఫైనల్లో అలాగే బయటికి వెళ్లాడు. నియమం కఠినమే, కానీ తప్పు చేసినవాడికే తగిలింది.

ఇక నువ్వు చేయాల్సిన పని.

ముందు ఉత్తర్వు కాపీ సంపాదించు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చాలదు, నంబరు, తేదీ, సంతకం ఉన్న కాపీ కావాలి. అందులో మూడు చూడు. ఒకటి, టోర్నీ బ్రోచర్లోని ఏ నిబంధన కింద డీబార్ చేశారో రాశారా? చాలా బ్రోచర్లలో "అర్హత లేని ఆటగాడిని ఆడిస్తే జట్టును తొలగిస్తాం" అని మాత్రమే ఉంటుంది. రెండేళ్లన్నది అప్పటికప్పుడు కమిటీ గదిలో పుట్టినదైతే, ముందుగా చెప్పని శిక్ష వేశారని అడగొచ్చు. రెండు, మీ కాలేజీకి నోటీసు ఇచ్చి, జవాబు విన్నాకే నిర్ణయించారా? మూడు, కమిటీలో ఎవరెవరు కూర్చున్నారు? మనవైపు కమిటీల్లో సాధారణంగా మిగతా కాలేజీల పీడీలే ఉంటారు. ప్రొటెస్ట్ ఇచ్చిన కాలేజీ పీడీ కూడా సంతకం పెట్టి ఉంటే అది పెద్ద లోపం.

మీ అప్పీల్‌లో ఒక తీర్పు పేరు రాయొచ్చు: రంజిత్ ఠాకూర్ కేసు, సుప్రీంకోర్టు, 1987. భోజనం చేయమన్న ఆదేశాన్ని పాటించలేదని ఒక సైనికుడికి ఏడాది జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు వేశారు. అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే విచారణలో కూర్చున్నాడు. కోర్టు రెండు కారణాలతో కొట్టేసింది: విచారించినవాడు పక్షపాతం లేనివాడని నమ్మేలా లేదు, శిక్ష తప్పుకు తగినట్టుగా లేదు. మీకు కావలసిన రెండు సూత్రాలూ అందులోనే ఉన్నాయి.

అప్పీల్ రెండు కాగితాలుగా వెళ్లాలి. ఒకటి ప్రిన్సిపాల్ తరఫున, తప్పు ఒప్పుకుంటూ, కారణం చెబుతూ, ఇకపై రిజిస్టర్‌తో సరిచూసే పద్ధతి రాస్తూ. రెండోది మీ పదకొండు మంది తరఫున, ఒకటిన్నర పేజీ మించకుండా. రెండూ రిజిస్ట్రార్‌కు చిరునామా చేసి, వీసీ ఆఫీసుకూ స్పోర్ట్స్ సెక్రటరీకీ ప్రతులు పంపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. మీ కాగితానికి ఒక్కొక్కరి ఫీజు రసీదు, అటెండెన్స్, ఫారంలో మీ వరుస కాపీ జతచేయండి. రెండే కోరికలు అడగండి: డీబార్ ఎత్తేయాలి, అది కుదరకపోతే ట్రయల్స్‌కు మమ్మల్ని విడిగా రానివ్వాలి.

రెండో కోరికే అసలైనదని గుర్తుపెట్టుకో. కాలేజీల పోటీ సర్టిఫికెట్‌కు ఉద్యోగాల్లో విలువ తక్కువ. స్పోర్ట్స్ కోటాలో పనికొచ్చేది యూనివర్సిటీ జట్టులో ఆడి తెచ్చుకున్న అంతర్ విశ్వవిద్యాలయ సర్టిఫికెట్, కేంద్ర ఉద్యోగాల దరఖాస్తులో దానికే ఫారం-3 అడుగుతారు. ఆ జట్టులోకి దారి ట్రయల్స్. నిషేధం మూసేసింది నిజానికి ఆ తలుపునే.

చెడగొట్టే పనులు కొన్ని ఉన్నాయి. "ఫలానా కాలేజీ కూడా బయటోళ్లను దింపింది" అని అప్పీల్‌లో రాయొద్దు, మీ తప్పు దానితో తగ్గదు, ఇంకో శత్రువు పెరుగుతాడు. రుజువు ఉంటే విడిగా ప్రొటెస్ట్ ఇవ్వాలి. ఎమ్మెల్యే గారి సిఫార్సు లెటర్ జతచేయొద్దు, కమిటీ బిగుసుకుంటుంది, ఫైలు మీద ఆ లెటర్ శాశ్వతంగా ఉండిపోతుంది. గ్రౌండులో అంపైర్ల మీద గొడవ చేసిన వీడియో ఒక్కటి బయటికి వస్తే మీ పదకొండు మంది అమాయకత్వం అక్కడితో సరి.

ఉత్తర్వు కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో యూనివర్సిటీ సమాచార అధికారికి దరఖాస్తు పెట్టు. కమిటీ మినిట్స్, హాజరు సంతకాలు, టోర్నీ నిబంధనల కాపీ అడుగు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీల్‌కు ఇంకో ముప్పై రోజుల గడువు. హైకోర్టులో రిట్ దారి ఉంది, ప్రభుత్వ యూనివర్సిటీ మీద అది నడుస్తుంది, కానీ యూనివర్సిటీలో అప్పీల్ వేయకుండా నేరుగా వెళ్తే ముందు అక్కడికే వెళ్లమనే అవకాశం ఎక్కువ.

ఈలోగా ట్రయల్స్ తేదీ వచ్చేస్తే ఇంట్లో కూర్చోవద్దు. ముద్ర పడిన అప్పీల్ కాపీ పట్టుకుని, కిట్ వేసుకుని, ఉదయాన్నే గ్రౌండుకు వెళ్లి పేరు రాసుకోమని అడుగు. రాసుకోము అంటే, ఆ ముక్కే కాగితం మీద రాసి ఇమ్మను. ఇవ్వకపోతే అదే రోజు సాయంత్రం రిజిస్ట్రార్‌కు తేదీ, సమయంతో ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకో.